ఏలినవారికి సమన్లు

నాందేడ్ జిల్లా తూర్పు కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ధర్మాబాద్ ఉంటుంది. మిర్చి వ్యాపారానికి పేరున్న ఊరు. బాసర దాటిన కాసేపటికే రైలు ఇక్కడ ఆగుతుంది. బజారులో తెలుగూ మరాఠీ కలగలిసి వినిపిస్తాయి. 2018 సెప్టెంబరులో ఈ పట్టణపు ఫస్ట్‌క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేటు ఒక నాన్‌బెయిలబుల్ వారంటు జారీ చేశారు. అది నారా చంద్రబాబు నాయుడి మీద. అప్పటికి ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. ఆయనతో పాటు మరో 15 మందిని అరెస్టు చేసి సెప్టెంబరు 21 నాటికి హాజరుపరచాలని కోర్టు ఆదేశం.

గొడవ బాబ్లీ బ్యారేజీది. గోదావరి మీద మహారాష్ట్ర అప్పట్లో కడుతున్న ఈ బ్యారేజీ శ్రీరాంసాగర్ జలాశయపు ముంపు ప్రాంతంలోకే వస్తుందని, దిగువ ఆయకట్టుకు నీళ్లు తగ్గిపోతాయని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో సుప్రీంకోర్టుకెక్కింది. 2010 జూలైలో తెలంగాణలో ఉప ఎన్నికలు ముంచుకొస్తున్న వేళ, ప్రతిపక్ష నేతగా ఉన్న చంద్రబాబు తన పార్టీ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ప్రాజెక్టు చూడడానికి బయల్దేరారు. జూలై 16న సరిహద్దు దగ్గరే మహారాష్ట్ర పోలీసులు అందరినీ అదుపులోకి తీసుకుని ధర్మాబాద్ ఐటీఐలో ఉంచారు. చివరికి ఔరంగాబాద్ తరలించి, అక్కణ్నుంచి విమానంలో హైదరాబాద్ పంపేశారు. ఆ తరలింపు వేళ పోలీసుల మీద, జైలు సిబ్బంది మీద చెయ్యి చేసుకున్నారన్నది అభియోగం. ఆ రోజుల్లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి నాందేడ్‌కే చెందిన అశోక్ చవాన్.

ఎనిమిదేళ్లు అంతగా కదలని కేసు, తెలుగుదేశం కేంద్రంలోని ఎన్డీయే నుంచి బయటికొచ్చిన కొద్ది నెలలకే వారంటు దాకా రావడం వెనక రాజకీయం ఉందని ఆ పార్టీ అప్పట్లో గట్టిగానే ఆరోపించింది. ఆ సంగతి అలా ఉంచినా, చట్టం విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నంత మాత్రాన ఆయనకు కోర్టు నుంచి మినహాయింపు లేదు. 2024 మే నెలలో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి కూడా బాబ్లీ ఎఫ్‌ఐఆర్‌ను కొట్టివేయడానికి నిరాకరించింది. మరుసటి నెలలోనే ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఇదే వారంటు ఒక గవర్నరు పేరిట, లేదా రాష్ట్రపతి పేరిట రాసి ఉంటే చెల్లేదే కాదు. రాజ్యాంగంలోని 361వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మీద గానీ గవర్నరు మీద గానీ పదవిలో ఉండగా ఏ క్రిమినల్ కేసూ మొదలుపెట్టకూడదు, ఉన్న కేసు కొనసాగించకూడదు. అరెస్టుకు, జైలుకు ఏ కోర్టూ ఉత్తర్వులివ్వకూడదు. సొంత వ్యవహారాల్లో సివిల్ దావా వేయాలంటే రెండు నెలల ముందు నోటీసివ్వాలి. ప్రధానమంత్రికి, ముఖ్యమంత్రికి ఈ రక్షణ లేదు. అంటే నిజంగా అధికారం చెలాయించేవారు కోర్టుకు అందుబాటులో ఉంటారు. వారి సలహా మీద సంతకం పెట్టేవారు ఉండరు. ఈ ఏర్పాటు ఎందుకొచ్చిందో, ఎవరెవరికి వర్తించిందో తెలుసుకోవడానికి నాందేడ్ గతం బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఈ జిల్లా 1948 దాకా ఏ కోర్టుకూ జవాబు చెప్పనక్కరలేని నవాబు ఏలుబడిలో ఉంది.

నిజాం రాజ్యంలో కోర్టులు లేవని కాదు. హైకోర్టు ఉండేది. 1920ల ఆరంభంలోనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ న్యాయశాఖను రెవెన్యూ అధికారుల చేతుల్లోంచి విడదీశాడు. బ్రిటిష్ ఇండియాలోనే అప్పటికి జరగని పని అది. కానీ ఆ న్యాయం కిందివారికే. నిజాం ఫర్మానా రాస్తే అదే చట్టం. చట్టం ఆయన నోట్లోంచి వస్తున్నప్పుడు ఆయన్ని బోనెక్కించేదెవరు?

1947-48లో మరాఠ్వాడా భగ్గుమంది. స్వామి రామానంద తీర్థ నాయకత్వాన స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహాలు చేసింది. సరిహద్దుల్లో సాయుధ శిబిరాలు వెలిశాయి. నాందేడ్ జిల్లా ఉమ్రీలో బ్యాంకు మీద దాడి చేసి ఉద్యమానికి డబ్బు పట్టుకెళ్లారు. తర్వాతి కాలంలో నాందేడ్ రాజకీయాలను దశాబ్దాల పాటు నడిపిన శంకర్‌రావ్ చవాన్ ఆ పోరాటంలోంచే వచ్చారు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

తర్వాత జరిగింది గమనించాలి. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ, మరాఠ్వాడాలోని లాతూరులో వకీలుగా పనిచేసినవాడు, విచారణ ఎదుర్కొని 1957 దాకా జైల్లో ఉన్నాడు. నిజాం ప్రధానమంత్రి లాయక్ అలీ గృహనిర్బంధంలోంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. నిజాం మాత్రం 1950 జనవరి 26న హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. ఏడాదికి 50 లక్షల రూపాయల రాజభరణం. పైగా 361వ అధికరణం తొలి పాఠంలో రాష్ట్రపతి, గవర్నర్లతో పాటు రాజ్‌ప్రముఖ్ పేరు కూడా ఉంది. నిన్నటిదాకా తన మాటే చట్టంగా ఏలినవాడికి ఇప్పుడు ప్రజల రాజ్యాంగమే రక్షణ ఇచ్చింది. ఉమ్రీలో, భోకర్‌లో, బిలోలీలో పోరాడినవాళ్లకు ఇది ఎలా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

సర్దార్ పటేల్‌కు దీనికి కారణాలున్నాయి. రక్తపాతం లేకుండా సంస్థానాలను కలుపుకోవాలి, పాత ప్రభువుల చేత కొత్త ఏర్పాటుకు సంతకం పెట్టించాలి. రక్షణ అనేది దానికి చెల్లించిన మూల్యం. 361 వాక్యాలు కూడా కొత్తగా పుట్టినవి కావు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 306వ సెక్షన్ గవర్నర్ జనరల్‌ను, గవర్నర్లను కోర్టుల నుంచి ఇలాగే కాపాడింది. దాని వెనక ఉన్నది రాజు తప్పు చేయడన్న ఇంగ్లండు సూత్రం. లండన్ నుంచి వచ్చిన ఆ రక్షణ, హైదరాబాద్ నవాబు అనుభవించిన రక్షణ, రెండూ 1950లో ఒకే అధికరణంలో కలిశాయి.

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. అప్పటిదాకా నాందేడ్‌లోనే ఉన్న ముధోల్ తాలూకా ఆదిలాబాద్‌లో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. రాజ్‌ప్రముఖ్ పదవి ఏడో సవరణతో రద్దయింది. అయినా మాజీ ప్రభువుల మీద కేసు పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలన్న నిబంధనలు సివిల్, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లలో మరో పదిహేనేళ్లు బతికే ఉన్నాయి. వాటి చివరి అంకంలో ఒక తెలుగువాడు కనిపిస్తాడు. పదవిలో ఉన్న అధినేతను కోర్టు ప్రశ్నించవచ్చా అన్నదానికి మన దేశంలో దొరికే అతి మంచి ఉదాహరణ కూడా ఆయనే.

బరంపురంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరి 1969 ఆగస్టు 16న జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో మరో తెలుగువాడు నీలం సంజీవరెడ్డి మీద గెలిచారు. సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. అయినా ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఎన్నికకు ముందు సంజీవరెడ్డి వ్యక్తిగత నడవడిని దూషిస్తూ పేరులేని ఒక కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాల్ దాకా పంచారు. దాని వెనక గిరి వర్గం ఉందని, ఇది ఓటర్లపై అక్రమ ఒత్తిడి అని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి.

రాష్ట్రపతి ఎన్నిక వివాదాన్ని సుప్రీంకోర్టే తేల్చాలని 71వ అధికరణం చెబుతుంది కాబట్టి విచారణ తప్పదు. గిరి స్వయంగా రావలసిన అవసరం మాత్రం లేదు. కమిషనర్ ద్వారా వాంగ్మూలం ఇచ్చే వీలుంది. ఆయన వద్దన్నారు. 1970లో, పదవిలో ఉన్న రాష్ట్రపతి సుప్రీంకోర్టుకు నడిచి వచ్చి సాక్షిగా కూర్చున్నారు. జస్టిస్ ఎస్.ఎం. సిక్రి నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎదుట, పిటిషనర్ల లాయర్ అడిగినదానికల్లా జవాబు చెప్పారు. పిటిషన్లను కోర్టు కొట్టేసింది. కరపత్రం పంపిణీ గిరికి తెలిసి జరిగిందని రుజువు కాలేదు.

పదవిలో ఉన్నవారిని ప్రశ్నిస్తే దేశం స్తంభించిపోతుందన్న వాదన వినిపించినప్పుడల్లా ఈ సంగతి గుర్తుచేయాలి. రాష్ట్రపతి సాక్ష్యమిచ్చారు. ప్రభుత్వం నడిచింది, పార్లమెంటు నడిచింది, రాష్ట్రపతి భవన్ ప్రతిష్ఠ మీద మచ్చ పడలేదు. తప్పు లేదని తేలడానికి కూడా విచారణే దారి అయింది. విచారణ జరగకపోయి ఉంటే ఆ కరపత్రం నీడ గిరిని అయిదేళ్లూ వెంటాడేది.

అదే ఏడాది సెప్టెంబరు 6న మాజీ ప్రభువుల గుర్తింపును రద్దుచేసే ఉత్తర్వుల మీద సంతకం పెట్టింది కూడా గిరే. డిసెంబరులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. 1971 చివరలో 26వ సవరణతో రాజభరణాలు, దాని వెంట వచ్చిన 1972 చట్టంతో ప్రత్యేక రక్షణలు పోయాయి. ఏడో నిజాం మనవడు ముకరం జా అప్పటికి ఆ బిరుదులో ఉన్నాడు. నాందేడ్ రైతు ఎలా కోర్టుకు జవాబు చెప్పాలో నిజాం వారసుడూ అలాగే చెప్పాలి అన్నది ఆనాటికి గానీ ఖాయం కాలేదు.

ఓడిన సంజీవరెడ్డి కథ కూడా ఇక్కడ చెప్పదగ్గది. 1964లో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణలో రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయాలన్న దురుద్దేశం ఉందన్న ఆరోపణపై సుప్రీంకోర్టు వ్యాఖ్యలు చేసింది. ఆరోపణను ఖండిస్తూ ముఖ్యమంత్రి అఫిడవిట్ వేయలేదని ఎత్తిచూపింది. ఎవరూ ఆయన్ని దోషి అనలేదు, శిక్ష వేయలేదు. ఆయన ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. పదమూడేళ్లకు రాష్ట్రపతి అయ్యారు.

ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో ఒక ప్రయత్నం 1975లో జరిగింది. ఎమర్జెన్సీ మొదలై రెండు నెలలు కాలేదు. శంకర్‌రావ్ చవాన్ అప్పుడు మహారాష్ట్ర ముఖ్యమంత్రి. ఆగస్టులో 41వ సవరణ బిల్లు రాజ్యసభలో గట్టెక్కింది. రాష్ట్రపతికి, గవర్నర్లకు ఉన్న రక్షణను ప్రధానమంత్రికీ విస్తరించాలి, అదీ పదవి దిగిన తర్వాత కూడా, పదవికి ముందు చేసిన నేరాలకు కూడా, జీవితాంతం ఉండాలి అన్నది దాని సారం. లోక్‌సభ ముందుకు అది రాలేదు, అక్కడే అణగారిపోయింది. వచ్చి ఉంటే ఆ సభలో అడ్డుకునేవారు ఎందరుండేవారో చెప్పడం కష్టం. చాలామంది ప్రతిపక్ష సభ్యులు జైళ్లలో ఉన్నారు.

శంకర్‌రావ్ కొడుకే అశోక్ చవాన్. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే 2009 అసెంబ్లీ ఎన్నికల్లో నాందేడ్ జిల్లా భోకర్ నుంచి గెలిచారు. ఎన్నికల వేళ ఒకదానికొకటి పోటీ అయిన మరాఠీ పత్రికల్లో ఆయన్ని పొగుడుతూ పేజీలకు పేజీలు వార్తలొచ్చాయి. కొన్నిచోట్ల వాక్యాలు కూడా మారలేదు. పత్రికల్లో ప్రకటనలకు ఆయన చూపించిన ఖర్చు 5,379 రూపాయలు. ఈ పెయిడ్ న్యూస్ వ్యవహారాన్ని బయటపెట్టిన పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ వి.వి. గిరి మనవడు. ఓడిన అభ్యర్థి మాధవ్‌రావ్ కిన్హాల్కర్ ఫిర్యాదు చేశారు. ఎన్నికల సంఘానికి విచారించే అధికారమే లేదన్న చవాన్ వాదన సుప్రీంకోర్టులో వీగిపోయేసరికి 2014 మే వచ్చింది. జూలైలో ఎన్నికల సంఘం లెక్కలు సరిగా లేవంటూ నోటీసిచ్చింది. సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆలోగా ఆ అసెంబ్లీ కాలం దాదాపు ముగిసింది.

ఆదర్శ్ కేసు ఇంకా లోతైనది. ముంబై కొలాబాలో లేచిన 31 అంతస్తుల ఆదర్శ్ సహకార గృహ సంఘంలో సైన్యంతో సంబంధం లేనివారికి వాటా ఇవ్వడానికి రెవెన్యూ మంత్రిగా, అదనపు నిర్మాణానికి ముఖ్యమంత్రిగా చవాన్ ఒప్పుకున్నారని, బదులుగా బంధువులకు ఫ్లాట్లు దక్కాయని ఆరోపణ. ఆయన దాన్ని ఖండించారు. 2010 నవంబరులో పదవి వదులుకున్నారు. 2011లో సీబీఐ కేసు పెట్టింది, 2012 జూలైలో చార్జిషీటు వేసింది.

ఇక్కడ ముఖ్యమంత్రికి 361 లేదు కానీ మరో గోడ ఉంది. అధికార హోదాలో చేసిన పనికి ప్రాసిక్యూట్ చేయాలంటే అప్పట్లో అమలులో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 197వ సెక్షన్ కింద గవర్నరు అనుమతి కావలసి ఉండేది. 2013 డిసెంబరులో గవర్నర్ కె. శంకరనారాయణన్ అనుమతి నిరాకరించారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, గవర్నరూ మారారు. కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచిన, బీజేపీలో ఎదిగిన చెన్నమనేని విద్యాసాగర్‌రావు 2014లో ముంబై రాజ్‌భవన్‌కు వచ్చారు. 2016 ఫిబ్రవరిలో ఆయన అనుమతి ఇచ్చారు. 2017 డిసెంబరు 22న బాంబే హైకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. మొదటి గవర్నరు కాదన్నాక మళ్లీ అవుననాలంటే కొత్త సాక్ష్యం ఉండాలి, కోర్టులో నిలిచే అలాంటిదేదీ సీబీఐ చూపలేకపోయింది అన్నది కారణం. 2024 ఫిబ్రవరిలో చవాన్ కాంగ్రెస్‌ను వీడి బీజేపీలో చేరారు.

ఆయన నేరం చేశారా లేదా అన్నది ఏ కోర్టూ సాక్షులను విని తేల్చలేదు. ఏడేళ్ల వివాదమంతా విచారించడానికి ఒక సంతకం ఉందా లేదా అన్న దాని చుట్టూనే తిరిగింది. ఆ సంతకం పెట్టేది ఢిల్లీ నియమించిన గవర్నరు. కాంగ్రెస్ హయాంలో వచ్చిన గవర్నరు కాంగ్రెస్ మాజీ ముఖ్యమంత్రికి కాదన్నారు, బీజేపీ హయాంలో వచ్చిన గవర్నరు అవునన్నారు. ఇద్దరూ నిజాయితీగానే నిర్ణయించి ఉండవచ్చు. అయినా నాందేడ్ ఓటరుకు అలా కనిపించే అవకాశమే లేదు. రాజకీయ కక్షతో పెట్టే కేసుల నుంచి పదవిని కాపాడాలన్న కోరిక న్యాయమైనదే, బాబ్లీ వారంటు వచ్చిన వేళ చూస్తే ఆ భయం ఉత్తది కాదని తెలుస్తుంది. కానీ కాపాడే తాళంచెవి రాజకీయ నియామకం చేతిలో పెడితే కక్ష తగ్గదు, తలుపు మారుతుంది అంతే. అది ఒక న్యాయమూర్తి చేతిలో, గడువుతో ఉండాలి.

గవర్నర్ల సంగతి మరీ విడ్డూరం. రాష్ట్రపతి రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే 61వ అధికరణం కింద పార్లమెంటు అభిశంసించగలదు. గవర్నరుకు అభిశంసన లేదు, కోర్టూ లేదు, కేంద్రం దయ మాత్రమే ఉంది. బాబ్రీ మసీదు కూల్చివేత కేసులో 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అద్వానీ తదితరుల మీద కుట్ర అభియోగాన్ని పునరుద్ధరించినప్పుడు కల్యాణ్ సింగ్ ఒక్కరినే పక్కన పెట్టవలసి వచ్చింది, ఎందుకంటే ఆయన అప్పటికి రాజస్థాన్ గవర్నరు. 2019లో పదవి దిగాక గానీ కోర్టు పిలవలేదు. 2024 మే నెలలో పశ్చిమ బెంగాల్ రాజ్‌భవన్ ఉద్యోగిని ఒకామె గవర్నరు మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసింది. గవర్నరు ఖండించారు. 361 అడ్డం ఉందని దర్యాప్తే జరగకపోతే తన గతేమిటని ఆమె సుప్రీంకోర్టును అడిగింది. జూలైలో కోర్టు ఆ ప్రశ్నను పరిశీలిస్తామంది. అధికరణంలో ఉన్నది కోర్టు చర్యల మీద నిషేధం. వాంగ్మూలం తీసుకోవద్దని, కెమెరా దృశ్యాలు భద్రపరచవద్దని అందులో ఎక్కడా లేదు. అయిదేళ్లు ఆగితే కేసు ఆగినట్టే కాదు, సాక్ష్యం పోయినట్టు. సాక్షులు ఊళ్లు మారతారు, రికార్డులు చెరిగిపోతాయి.

ఇతర దేశాలు ఈ ముడిని తలో విధంగా విప్పాయి. అమెరికాలో పదవిలో ఉన్న అధ్యక్షుడిపై నేరాభియోగం మోపకూడదన్నది న్యాయశాఖ 1973 నుంచి పట్టుకున్న వైఖరి. 2024 జూలై 1న అక్కడి సుప్రీంకోర్టు ట్రంప్ కేసులో మరో అడుగు వేసి, అధికారిక చర్యలకు పదవి దిగాక కూడా చాలా మేరకు రక్షణ ఉంటుందంది. 1975 నాటి మన బిల్లు కోరినదానికి అది మరీ దూరంలో లేదు. ఫ్రాన్స్‌లో జాక్ షిరాక్ పారిస్ మేయరుగా ఉన్నప్పటి కేసు, ఆయన అధ్యక్షుడిగా ఉన్నంతకాలం ఆగింది. 2011లో శిక్ష పడింది. దక్షిణ కొరియా రాజ్యాంగం తిరుగుబాటు, దేశద్రోహం తప్ప మిగతా నేరాలకు పదవిలో ఉన్న అధ్యక్షుడిపై ప్రాసిక్యూషన్ వద్దంటుంది. ఆ మినహాయింపు పట్టుకునే 2025 జనవరిలో పదవిలో ఉన్న యూన్ సుక్ యోల్‌ను అరెస్టు చేశారు.

మన దేశంలో తాజా కదలిక మరో వైపు నుంచి వచ్చింది. 2025 ఆగస్టు 20న కేంద్రం లోక్‌సభలో 130వ సవరణ బిల్లు పెట్టింది. అయిదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరారోపణపై వరసగా 30 రోజులు నిర్బంధంలో ఉంటే ప్రధాని, ముఖ్యమంత్రి, మంత్రి పదవి పోతుంది. దోషి అని తేలనక్కరలేదు. బిల్లును సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు. ఎన్నికైన ముఖ్యమంత్రి పదవి ఒక దర్యాప్తు సంస్థ అరెస్టుతో ఊడిపోయే ఈ బిల్లులో, ఎన్నిక కాని గవర్నరుకు 361 ఇచ్చిన రక్షణ జోలికి పోయే మాట ఒక్కటీ లేదు.